కళ్ళు చూడకుండా ‘అల్బినో’ అని రాయకండి

ఎడిటర్ గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో ‘అల్బినో కాకి ప్రత్యక్షం’ అని వేసిన ఫొటో చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ కాకి మా బజారుదే. నెల రోజులుగా రోజూ పొద్దున్నే చూస్తున్నాను, అది అల్బినో కాదు.

అల్బినో అంటే ఒంట్లో మెలనిన్ అనే రంగు పదార్థం బొత్తిగా తయారు కాకపోవడం. తయారుచేసే ఎంజైమే పనిచెయ్యదు కాబట్టి కాకిలాంటి పక్షి ఈకలన్నీ తెల్లగా ఉంటాయి, కంట్లో కూడా రంగు లేక లోపలి రక్తం కనబడి కళ్ళు ఎర్రగా కనిపిస్తాయి. పాపం వాటికి చూపు సరిగా ఆనదు, అందుకే గూడు వదిలాక ఎక్కువ రోజులు బతకవు. పెద్దదై హాయిగా తిరిగే తెల్ల పక్షి కనిపించిందంటే అది అల్బినో కాకపోవడానికే అవకాశం ఎక్కువ. ‘పాక్షిక అల్బినో’ అని కూడా రాస్తుంటారు, అసలు అలాంటిది ఉండదండీ, ఎంజైమ్ లేదంటే ఒళ్ళంతటా లేనట్టే.

మా కాకి చేపల కొట్టు రేకు మీద వాలినప్పుడు పది అడుగుల దూరం నుంచి చూశాను. పాలెక్కువైన టీ రంగు, మెడ చుట్టూ బూడిద రంగు ఉండాల్సిన చోట మీగడ రంగు, కళ్ళు మాత్రం పక్కనున్న కాకులకి ఉన్నట్టే నల్లగా మెరుస్తున్నాయి. అది రెక్క చాచి ఒళ్ళు విరుచుకున్నప్పుడు అసలు విషయం తెలిసింది: పై ఈకల చాటున ఉన్న భాగమంతా ముదురు గోధుమ రంగు, ఎండ తగిలే అంచులు మాత్రం వెలిసిపోయి దాదాపు తెలుపు. పక్షుల్ని చదివేవాళ్ళు దీన్ని ‘బ్రౌన్’ అంటారు. మెలనిన్ ఉంటుంది కానీ నలుపెక్కకుండా మధ్యలోనే ఆగిపోతుంది, ఆ రంగు ఎండకి తొందరగా వెలిసిపోతుంది, అందుకే ఇదే కాకి కొత్త ఈకలు వేసుకున్నాక వేరే కాకేమో అన్నంత ముదురుగా కనిపిస్తుంది. ఇంకో సంగతి, ఈ లక్షణం Z అనే లింగ క్రోమోజోముతో వస్తుంది, ఆడ పక్షికి అది ఒక్కటే ఉంటుంది గనక అందులో ఈ లక్షణం ఉంటే చాలు బయటపడుతుంది, మగదానికి రెండిట్లోనూ ఉండాలి, అందుకే బయట కనబడే బ్రౌన్ పక్షులు దాదాపు అన్నీ ఆడవే. మాదీ ఆడదే అయ్యుండాలి.

అక్కడక్కడా తెల్ల ఈకలున్న కాకుల కథ మళ్ళీ వేరు. పుట్టుకతోనే కొన్ని చోట్లకి రంగు కణాలు చేరకపోతే అది లూసిజం. ఏడాదికేడాది తెలుపు పెరుగుతూ పోతే మన జుట్టు నెరిసినట్టు నెరవడం. బ్రిటన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం క్యూరేటర్ హైన్ వాన్ గ్రౌ ఈ తేడాలన్నీ విడదీసి చెప్పారు, లూసిజం అని మనం అనుకునేవాటిలో చాలా భాగం ఈ నెరవడమేనని ఆయన మాట. సరైన తిండి లేకపోయినా ఈకలు తెల్లబడతాయి, మనం పారేసినవి తిని బతికే ఊరి కాకుల రెక్కల్లో తెల్ల చారలకి అదొక కారణం.

రామచిలుక దగ్గర లెక్క మారిపోతుంది. దాని ఒంట్లో పసుపు రంగు వేరే పదార్థం వల్ల వస్తుంది, కాబట్టి మెలనిన్ పోతే అది తెల్లబడదు, నిండు పసుపు రంగులోకి వస్తుంది.

కాబట్టి మీ విలేకరులకి నా మనవి, ముందు కళ్ళు చూడమనండి, అదీ పగటి వెలుతురులో, ఫ్లాష్ కొడితే మామూలు కన్ను కూడా ఎర్రగా పడొచ్చు.

ఇంతకన్నా బాధ కలిగించింది మీరు ఊరు, వీధి, కొట్టు గుర్తులతో సహా వెయ్యడం. మర్నాటికి జనం పోగయ్యారు, అరిష్టమని ఒకాయన రాయి విసిరాడు, ఇద్దరు కుర్రాళ్ళు వల కూడా తెచ్చారు. పసుపు చిలుక అయ్యుంటే ఈపాటికి పంజరంలో ఉండేది, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకని పట్టి పెంచడం నేరమైనా సరే. తోటి కాకులు మాత్రం దాన్ని ఏమీ అనలేదు, పక్కనే కూర్చుని చేప తలలు పంచుకు తింటున్నాయి. ఇలాంటి ఫొటో వచ్చినప్పుడు జిల్లా పేరుతో ఆపెయ్యండి, చాలు.

మొన్న ఆదివారం అది ముక్కున పుల్ల పట్టుకుని వెళ్ళడం చూశాను, గూడు కడుతోంది. ఏ చెట్టు మీదో ఈ ఉత్తరంలో రాయను.

– ఒక పాఠకుడు, తూర్పు గోదావరి జిల్లా