ఎక్కువ లిఫ్ట్ ఉన్న బీసీడీ కొనమని చెప్పి పొరపాటు చేశాం

మా దగ్గర బీసీడీ (స్కూబా డైవర్లు నీళ్లలో తేలుడును అదుపు చేసుకునేందుకు గాలి నింపి, వదిలే తొడుగు) కొన్నవారికీ, కొనే ఆలోచనలో ఉన్నవారికీ ఒక మాట చెప్పాలి. ఇన్నాళ్లూ ఎవరొచ్చినా "ఎందుకైనా మంచిది, లిఫ్ట్ ఎక్కువున్నదే తీసుకోండి" అంటూ వచ్చాం. లిఫ్ట్ అంటే బీసీడీ నిండా గాలి నింపితే అది నీళ్లలో మోయగల బరువు. ఆ సలహా తప్పు. ఒక పాత కస్టమర్ వచ్చి, కొత్త జాకెట్‌తో నీళ్లలో నిలకడగా ఉండలేకపోతున్నానన్నారు. చూస్తే జాకెట్ బాగానే ఉంది. మునగడానికి నడుముకు కట్టుకున్న సీసమే నాలుగు కిలోలు ఎక్కువ. అమ్మేటప్పుడు ఆ సంగతి మేం అడగనే లేదు.

నాలుగు కిలోలేగా అనిపిస్తుంది. 20 మీటర్ల లోతులో ఆ బరువును మోయాలంటే బీసీడీలో సుమారు 4 లీటర్ల గాలి అదనంగా నింపాలి. అక్కడ పీడనం 3 అట్మాస్ఫియర్లు. 10 మీటర్లకు వచ్చేసరికి 2. వదలకపోతే అదే గాలి 6 లీటర్లవుతుంది, అంటే ఇంకో రెండు కిలోల తేలుడు వచ్చి పడుతుంది. గబుక్కున గాలి వదలాలి, మునిగిపోతుంటే మళ్లీ నింపాలి. డైవ్ అంతా ఈ టెన్షనే. బ్లాడర్ (బీసీడీలో గాలి నిలిచే సంచి) పెద్దదైతే ఆ గాలి లోపల అటూ ఇటూ పరుగెడుతూ మనిషిని పక్కకు తిప్పుతుంది కూడా.

కాబట్టి ఇకమీదట మీ సీసం లెక్క తేలాకే బీసీడీ చూపిస్తాం. సిలిండర్‌లో గాలి పీడనం 50 బార్ (గాలి దాదాపు అయిపోవచ్చే దశ) మిగిలి ఉండగా, బీసీడీ ఖాళీ చేసి, మామూలుగా ఊపిరి పట్టి కదలకుండా ఉంటే నీటిమట్టం కళ్ల దగ్గర ఆగాలి. నిండు సిలిండర్‌తో చూస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌లో గాలే రెండున్నర కిలోలకు పైగా ఉంటుంది. అది ఖర్చయ్యాక సిలిండర్ తేలడం మొదలుపెడుతుంది. ఉప్పునీళ్లలో కుదిరిన సీసం మంచినీళ్లలో ఎక్కువవుతుంది.

పల్చటి 3 మిల్లీమీటర్ల సూట్, ఒకే సిలిండర్ అయితే 12 నుంచి 14 కిలోల లిఫ్ట్ సాధారణంగా చాలు. మందపాటి సూట్ లోతుకెళ్లేకొద్దీ నొక్కుకుపోయి తేలుడు పోగొట్టుకుంటుంది, అది వేసుకునేవాళ్లకు ఎక్కువ లిఫ్ట్ కావాలి. బీసీడీని విప్పి నీళ్ల మీద వదిలినా, సిలిండర్‌తో, దానికే తగిలించిన బరువులతో సహా అది తేలాలి. ఈ పరీక్ష చాలామంది మర్చిపోతారు.

జాకెట్టా, వింగా (గాలి సంచి వీపు వెనకే ఉండే రకం) అంటే నాకు వింగే ఇష్టం. దాని వీపు వైపు ఉండే స్టీల్ పలక (బ్యాక్‌ప్లేట్) బరువు మేరకు సీసం తగ్గించుకోవచ్చు. కాకపోతే నీటిపైకి వచ్చాక గాలి ఎక్కువ నింపితే మనిషిని ముఖం నీళ్ల వైపు వాలేలా ముందుకు తోస్తుంది. కొత్తవాళ్లకు అది చికాకు, వాళ్లకు జాకెట్టే సుఖం.

ఏడాదిలోపు మా మాట మీద పెద్దది కొన్నవారు తెచ్చివ్వండి, మార్చి ఇస్తాం. లోపల ఉప్పు గడ్డకట్టినవి మాత్రం తీసుకోం. డైవ్ అయ్యాక బ్లాడర్ లోపలా మంచినీళ్లతో కడగమని మాత్రం మొదటిరోజే చెప్పాం.