వార్షిక నివేదిక: 'అప్పు సగానికి తగ్గిస్తాం' అనే ఏజెన్సీల సంగతి

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన వినియోగదారుల సంఘం ఒంగోలు, టంగుటూరు, చీమకుర్తి సమావేశాల్లో ఎక్కువ సమయం ఒక్క విషయానికే పోయింది: బ్యాంకు అప్పు సెటిల్ చేయిస్తామని ఫోన్లు చేసే ఏజెన్సీలు. తూకాలు, గ్యాస్ డెలివరీ ఫిర్యాదులు మామూలుగానే నడిచాయి.

ఏజెన్సీ మొదటి మాటే ఈఎంఐ ఆపేయమని. ఆ డబ్బు నెలనెలా తమ ఖాతాలో వేయమంటారు, అందులోంచి ముందు తమ ఫీజు పట్టుకుంటారు. కార్డు బాకీ 2 లక్షలు, వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుందాం. ఆరు నెలలు ఆపితే వడ్డీయే 45 వేలు దాటుతుంది. దానిపై 18 శాతం జీఎస్టీ, ఆలస్య రుసుము వేరే. వాళ్లు తగ్గిస్తామన్నది ఈ పెరిగిన మొత్తంలోంచే.

తర్వాత బ్యాంకు కాల్స్ తమ నంబరుకు ఫార్వర్డ్ చేయమంటారు. మా లెక్కలో ప్రమాదమంతా ఇక్కడే ఉంది. కాల్‌లో చదివి వినిపించే ఓటీపీలు వాళ్లకే పోతాయి. బ్యాంకు ఏదైనా రాయితీ ఇవ్వజూపినా మనకు తెలియదు. చెక్కు బౌన్సు నోటీసు అందాక కట్టడానికి ఉండేది 15 రోజులే. "అది మేం చూసుకుంటాం" అన్న మాట నమ్మి కూర్చుంటే కేసు మన మీదే, ఏజెన్సీ మీద కాదు. హామీ సంతకం పెట్టిన బావమరిదికీ నోటీసు వస్తుంది.

'రుణమాఫీ ధ్రువపత్రం' అమ్మేవాళ్లు మరో రకం. అలాంటి పత్రాలిచ్చే అధికారం వారికి లేదని రిజర్వు బ్యాంకు 2023 డిసెంబరులోనే హెచ్చరించింది.

పొగాకు రైతులను భయపెట్టే మాట, "సర్ఫేసీ కింద పొలం వేలం వేస్తారు" అని. సర్ఫేసీ అంటే కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే చట్టం. ఆ చట్టం 31వ సెక్షను వ్యవసాయ భూమిని మినహాయించింది. బ్యాంకు సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు, అది వేరే సంగతి. ఇల్లు తనఖా పెడితే మాత్రం అదే చట్టం 13(2) సెక్షను కింద బాకీ కట్టమని వచ్చే నోటీసు తర్వాత 60 రోజుల గడువును తేలిగ్గా తీసుకోకండి.

నిజంగా కట్టలేని స్థితి ఉంటే బ్రాంచి మేనేజరుకు మీరే దరఖాస్తు ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోండి. ఓటీఎస్, అంటే తగ్గించిన మొత్తం ఒకేసారి కట్టి అప్పు ముగించుకోవడం, మన హక్కు కాదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి అడగడం వరకే మన చేతిలో ఉంది. ఒప్పుకుంటే బ్యాంకు లెటర్‌హెడ్ మీద లోన్ ఖాతా నంబరు, మొత్తం, గడువు ఉన్న ఉత్తరం వచ్చాకే డబ్బు, అదీ నేరుగా లోన్ ఖాతాలోకే. తర్వాత బాకీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూస్ పత్రం తప్పక తీసుకోండి. తనఖా పత్రాలు 30 రోజుల్లో తిరిగివ్వాలి. జాప్యం బ్యాంకుదైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం. మన అప్పుల చరిత్ర ఉండే సిబిల్‌లో మాత్రం 'క్లోజ్డ్' అని కాక, పూర్తిగా కట్టలేదనే అర్థంలో 'సెటిల్డ్' అని పడుతుంది. కొత్త లారీ ఫైనాన్సు కావాలనుకునే చీమకుర్తి సభ్యులు ముందు ఇది ఆలోచించుకోవాలి.

మధ్యవర్తి కావాలంటే లోక్ అదాలత్ ఉంది, కోర్టు ఫీజు లేదు. న్యాయ సహాయానికి 15100. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, నంబరు 14448. ఏజెన్సీకి ఇప్పటికే డబ్బు పంపినవారు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పి, ##002# డయల్ చేసి కాల్ ఫార్వర్డింగ్ తీసేయండి.

సంఘం దగ్గరికి వచ్చేటప్పుడు లోన్ స్టేట్‌మెంటు, అందిన నోటీసులు కవర్లతో సహా, ఏజెన్సీ ఒప్పందం, చెల్లింపుల స్క్రీన్‌షాట్లు తెండి. కవరు మీది పోస్టల్ ముద్ర తేదీ చాలాసార్లు అవసరపడుతుంది.