గర్భిణుల పాలు, గుడ్ల విషయమై జిల్లా సంక్షేమ అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారములు.

మా ఊరి అంగన్‌వాడీకి పాలు, గుడ్లు నెలలో సగం రోజులు అందడం లేదని మూడుసార్లు అర్జీ పెట్టుకున్నా జవాబు రాలేదు కనుక, నలుగురి ముందు ఈ లేఖ రాస్తున్నాను. ఆరోగ్య లక్ష్మి పథకం కింద గర్భిణికి ఒక పూట భోజనంతో పాటు గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇవ్వాలి. కడుపులో బిడ్డ బరువు ఎక్కువగా పెరిగేది చివరి మూడు నెలల్లోనే. అప్పుడు తప్పిపోయిన పోషణను తర్వాత రెండింతలు ఇచ్చినా పూడ్చలేము.

పత్తి చేలో ఏడో నెల దాకా కూలికి వెళ్లిన మా వీధి అమ్మాయికి మొన్న 2.1 కిలోల బిడ్డ పుట్టింది. 2.5 కిలోలకు తగ్గితే తక్కువ బరువే. తిండి ఒక్కటే కారణమని నేననను, ఆమెకు రక్తహీనత కూడా ఉంది; కానీ ఆమె పళ్లెంలో చారన్నం తప్ప మరేమీ లేని రోజులు నేను చూశాను.

పదిహేను రోజుల్లోగా సరఫరాను సరిచేసి, ఏ రోజు ఏమి వచ్చిందో కేంద్రం గోడ మీద రాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఊరి తల్లుల తరఫున ఒక గ్రామస్థురాలు