సాఫ్ట్‌బాల్: ముందు బంతి పట్టడం నేర్పండి

సంపాదకుల వారికి,

బేస్‌బాల్‌ను పోలిన సాఫ్ట్‌బాల్ ఆట 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోకి మళ్లీ వస్తోంది. హైదరాబాద్‌లో వేసవి శిబిరాలకు ఎనిమిది నుంచి పన్నెండేళ్ల ఆడపిల్లలను తల్లిదండ్రులు ఉత్సాహంగానే పంపుతున్నారు. అయితే కొందరు పిల్లలు వారం తిరక్కుండానే మానేస్తున్నారు. ఎండను తప్పుపట్టి లాభం లేదు. మొదటి రోజే బ్యాట్ చేతికిచ్చి, రెండు జట్లు చేసి మ్యాచ్ ఆడించేయడమే అసలు లోపం. బంతి మొహానికి తగిలిన పిల్ల మర్నాడు రాదు. వచ్చినా, బంతి వస్తుంటే కళ్లు మూసుకుని తల పక్కకు తిప్పేస్తుంది. ఆ బెదురు పోగొట్టడం చాలా కష్టం. మొదటి రెండు వారాలు విసరడం, పట్టడం తప్ప మరేదీ పెట్టుకోవద్దని కోచ్‌లకు, పీఈటీలకు మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను.

నిబంధనల ప్రకారం బంతి చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు సుమారు 180 నుంచి 200 గ్రాములు. క్రికెట్ బంతి కంటే పెద్దది, బరువైనది. తొమ్మిదేళ్ల పిల్ల వేళ్లకు అది అందదు. 11 అంగుళాల మెత్తటి బంతితో మొదలుపెట్టాలి. అదీ దొరక్కపోతే మొదటి మూడు రోజులు టెన్నిస్ బంతి చాలు.

గ్లవ్ (బంతి పట్టే తొడుగు) వేసుకోవాల్సింది బంతి విసిరే చేతికి కాదు, రెండో చేతికి. ఎడమచేతి వాటం పిల్లకు కుడిచేతికి వేసుకునే గ్లవ్ కావాలి. చాలా చోట్ల అది ఒక్కటీ ఉండదు, ఉన్నదే తొడిగి సర్దుకోమంటారు. అక్కడితో ఆ పిల్ల ఆట చెడినట్టే. పరిమాణం పది, పదకొండు అంగుళాల మధ్య ఉంటే మంచిది. తొడుక్కున్న చేత్తోనే గ్లవ్‌ను పూర్తిగా మూయగలుగుతోందో లేదో చూడండి. మూయలేకపోతే ఎంత ఖరీదైనదైనా ఆమెకు పనికిరాదు.

పట్టడంలో అన్నిటికంటే ప్రమాదకరమైన అలవాటు ఒకటుంది. గల్లీ క్రికెట్ ఆడిన పిల్లలు ఎంత ఎత్తులో వచ్చిన బంతికైనా ప్రసాదం పడుతున్నట్టు అరచేయి పైకి పెడతారు. ఛాతీ ఎత్తులో వచ్చిన బంతి ఆ గ్లవ్ మీద నుంచి జారి నేరుగా గడ్డానికో, ముక్కుకో తగులుతుంది. నడుముకు పైన వచ్చే బంతికి వేళ్లు ఆకాశం వైపు, రెండు బొటనవేళ్లూ దగ్గరగా ఉండాలి. నడుముకు కింద వచ్చేదానికి వేళ్లు నేల వైపు, చిటికెన వేళ్లు దగ్గరగా ఉండాలి. ముందు బంతి లేకుండా కోచ్ ‘పైన’, ‘కింద’ అని పిలుస్తుంటే గ్లవ్ తిప్పించాలి. తర్వాత మూడు మీటర్ల నుంచి కింది చేత్తో మెల్లగా వేయాలి. బంతి అరచేతిలో కాకుండా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య జాలీలో పడాలి. అరచేతిలో పడితే మంట పుడుతుంది, మంట పుడితే మళ్లీ భయమే.

విసరడానికి పక్కకు తిరిగి నిలబడాలి, గ్లవ్ వైపు భుజం ఎదుటి పిల్లను చూడాలి. బంతిని అరచేతికి ఆనించకుండా వేళ్లతో కుట్టు మీద పట్టుకోవాలి. చేయి చిన్నదైతే రెండు వేళ్లకు బదులు మూడు. మోచేయి భుజం ఎత్తుకు రావాలి. కుడిచేత్తో విసిరే పిల్ల ఎడమకాలు ముందుకు వేయాలి. మోచేయి కిందికి జారితే బంతి పైకి లేస్తుంది, షాట్‌పుట్‌లా తోయడం అలవాటవుతుంది, కొన్నాళ్లకు మోచేయి నొప్పి పెడుతుంది. అలాంటి పిల్లను కుడి మోకాలి మీద కూర్చోబెట్టి అయిదు మీటర్ల దూరానికి చేతితో మాత్రమే విసిరించండి. తర్వాత నిలబెట్టి, నేల మీద సున్నంతో గీత గీసి, ఎడమపాదం ఆ గీత మీదే పడేలా చూడండి. దూరం నిదానంగా పెంచాలి. ఇద్దరికో బంతి ఉండాలి. పదిమంది వరుసలో నిలబడి ఒక్క బంతి కోసం ఎదురుచూస్తే ఒక్కొక్కరికి దక్కే విసుర్లు చాలా తక్కువ.

మన మైదానాలు చాలావరకు మొరం నేల. దొర్లే బంతి రాయికి తగిలి ఎగిరి మొహం మీదికి వస్తుంది. గులకరాళ్లు ఏరించాకే నేల బంతులు నేర్పాలి. ఆ నేల మీద స్లయిడింగ్ (పరిగెత్తుతూ నేల మీద జారడం) అసలే వద్దు, మోకాళ్లు చీరుకుపోతాయి. గాజులు, వేలాడే చెవిదుద్దులు తీయించి, చున్నీ పక్కన పెట్టించాలి.

బ్యాటింగ్ మూడో వారంలో, టీ (బంతిని నిలిపే నిలువు స్టాండు) మీద పెట్టిన బంతితో. పీవీసీ గొట్టం పైన రబ్బరు గొట్టం ముక్క బిగించి, అడుగున డబ్బాలో సిమెంటు పోస్తే టీ తయారవుతుంది. బ్యాట్‌ను ఒక్క చేత్తో ముందుకు చాపి పదిహేను సెకన్లు పట్టుకోలేకపోతే అది బరువెక్కువ. ఇక్కడా క్రికెట్ అలవాట్లు అడ్డొస్తాయి. కొట్టి, పరుగు తీయాలా వద్దా అని ఆలోచిస్తారు, బ్యాట్ పట్టుకునే పరిగెడతారు, మొదటి బేస్ (పరుగులో తొక్కాల్సిన గుర్తుల్లో మొదటిది) దగ్గర ఆగిపోతారు. ఫెయిర్ బంతి (హద్దు గీతల లోపల పడేది) కొడితే పరిగెత్తక తప్పదు. బ్యాట్ విసరకుండా కింద వదిలేయాలి. మొదటి బేస్‌ను తొక్కుతూ దాటిపోవచ్చు. రెండో, మూడో బేస్‌ల దగ్గర మాత్రం దాటితే అవుట్ చేస్తారు. వంతు కోసం చూసేవాళ్లు కనీసం ఆరు మీటర్ల దూరంలో ఉండాలి.

పిచింగ్, అంటే బ్యాట్ పట్టిన పిల్లకు బంతి వేయడం, అన్నిటికంటే చివర. కింది చేత్తో వేసేది కాబట్టి భుజానికి ఏమీ కాదన్న మాట నమ్మకండి. పెద్ద మహిళలకు దూరం 43 అడుగులు, చిన్నపిల్లలకు 35 చాలు. మొదట తొడ పక్కన మణికట్టు విరుపు, తర్వాత లోలకంలా ఊపు, ఆ రెండూ కుదిరాకే పూర్తి చక్రం. రోజుకు ముప్పై, నలభై బంతులకు మించి వేయించవద్దు.

ఇరవై మంది పిల్లలకు పది మెత్తటి బంతులు, ఇరవై గ్లవ్‌లు (వాటిలో కనీసం రెండు ఎడమచేతి వాటం వాళ్లవి), నాలుగు తేలిక బ్యాట్లు, మొహానికి జాలీ ఉన్న నాలుగు హెల్మెట్లు ఉంటే శిబిరం నడుస్తుంది. సామాను కొనే అధికారులు, బడి యాజమాన్యాలు ట్రోఫీలకు ఆర్డర్ ఇచ్చే ముందు వీటిని కొనాలి.

– ఒక సాఫ్ట్‌బాల్ శిక్షకురాలు, సికింద్రాబాద్