ఆపరేషన్ అయిన పెట్స్ బోర్డింగ్ గురించి: మారతహళ్లి షాపు కస్టమర్లకు

అందరికీ నమస్కారం. మన కస్టమర్ల లాబ్రడార్ ఒకటి గర్భసంచిలో చీము పట్టి, ఆపరేషన్ అయిన రాత్రే పోయింది. సాయంత్రం ‘అంతా బాగుంది, తీసుకెళ్లండి’ అని పంపారు. ఎందుకు పోయిందని ఇంటివాళ్లు అడిగితే క్లినిక్ నుంచి సరైన జవాబు లేదు. అప్పట్నుంచి మీలో చాలామంది అడుగుతున్నవి రెండు: ఏ క్లినిక్ మంచిది, ఆపరేషన్ తర్వాత మీ దగ్గర ఉంచుకుంటారా అని.

క్లినిక్ పేర్లు ఇక చెప్పం. కౌంటర్ పక్కన అంటించిన జాబితా కూడా తీసేశాం. డాక్టర్ చెయ్యి ఎంత మంచిదైనా, రాత్రి షట్టర్ దించాక లోపల ఎవరుంటారో మాకు తెలియదు. అసలు గండం ఉండేది ఆ గంటల్లోనే. బ్రిటన్‌లో 2008లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, మత్తు ఇచ్చిన కుక్కలు, పిల్లుల మరణాలు అన్నిటికంటే ఎక్కువగా ఆపరేషన్ ముగిశాకే జరిగాయి. వాటిలో సగం దాకా మొదటి మూడు గంటల్లోవే. ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో మరణాలు 0.05 శాతం అయితే, అప్పటికే జబ్బుతో ఉన్నవాటిలో 1.33 శాతం.

గర్భసంచి చీము రెండో రకం, అంటే అప్పటికే జబ్బుతో ఉన్న కేసు. హీట్ (ఎదకు రావడం) అయిన నెల, రెండు నెలలకు వస్తుంది. విషం రక్తంలో కలిసి బీపీ పడిపోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. ఆపరేషన్ వాయిదా వేస్తే చాలాసార్లు ప్రాణం పోతుంది, కాబట్టి చేయించడమే తప్పని ఎవరూ అనుకోకండి. అడగాల్సింది ఇది: సెలైన్ ఎక్కించి కాస్త నిలబెట్టాక మత్తు ఇచ్చారా? ఆ రాత్రి అక్కడే ఉంచుకున్నారా?

బెంగళూరులో ఇంకో చిక్కు టిక్ ఫీవర్, అంటే పిడుదులు కుట్టి వచ్చే జ్వరం. ఇక్కడ పిడుదులు ఏడాదంతా ఉంటాయి. పైకి హుషారుగా తిరిగే కుక్కకీ ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) బాగా పడిపోయి ఉండొచ్చు. మామూలుగా 2 లక్షలు దాటి ఉండాలి. మరీ తక్కువైతే చిన్న కోతకు కూడా రక్తం ఆగదు. అందుకే సీబీసీ (రక్తకణాల లెక్క), కిడ్నీ, లివర్ పరీక్షలు లేకుండా ఆపరేషన్ టేబుల్ ఎక్కించొద్దు. ప్లేట్‌లెట్లు గుంపు కట్టినప్పుడు మెషీన్ తక్కువ లెక్క చూపిస్తుంది. రిపోర్టు చూసి బెదిరిపోకుండా, స్లైడ్ మీద మైక్రోస్కోప్‌తో ఒకసారి చూడమనండి.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌లో భయపెట్టేది లోపలి రక్తస్రావం. లావుగా ఉన్న పెద్ద కుక్కల్లో అండాశయం దగ్గర రక్తనాళం కొవ్వులో కూరుకుపోయి ఉంటుంది, కట్టిన ముడి జారొచ్చు. పైన కుట్లు పొడిగానే ఉంటాయి, రక్తం పొట్టలో చేరుతూ ఉంటుంది. అందుకే కుట్లు చూసి ధైర్యపడకండి, చిగుళ్లు చూడండి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగు రావాలి. చిగుళ్లు తెల్లబడటం, పొట్ట ఉబ్బడం, పాదాలు చల్లబడటం, పిలిస్తే తల ఎత్తకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. నిద్రలో శ్వాస నిమిషానికి 40 దాటినా అంతే. ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉండాలి. తగ్గితే దుప్పటి కప్పండి. వేడినీళ్ల బాటిల్ నేరుగా ఆనించొద్దు, మత్తులో ఉన్న జంతువు పక్కకు జరగలేక చర్మం కాలుతుంది.

పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలు పూర్తిగా తెలివి తెచ్చుకుని, తమంతట తాము కూర్చునేదాకా క్లినిక్ దాటకూడదు. గొంతులో గొట్టం తీసేశాక ఊపిరాడకపోవడం వీటిలో ఎక్కువ.

నొప్పి ఉందని ఇంట్లో ఉన్న మాత్ర వేయకండి. పిల్లికి పారాసెటమాల్ 500 ఒక్కటి చాలు, ప్రాణం తీయడానికి. ఇబుప్రోఫెన్ కుక్కకు పొట్టలో పుండ్లు, కిడ్నీ దెబ్బ.

ఇక బోర్డింగ్ సంగతి. మా దగ్గర రాత్రి ఉండేది కేర్‌టేకర్, డాక్టర్ కాదు. అందుకే ఏ ఆపరేషన్ అయినా మొదటి మూడు రాత్రులు తీసుకోం. పేగు కోసినవైతే వారం దాకా తీసుకోం. మామిడి టెంక, సాక్సు మింగితే పేగు కోసి తీస్తారు కదా, ఆ కుట్టు లీకయ్యేది ఎక్కువగా మూడు నుంచి ఐదో రోజు మధ్య. రెండో రోజు అన్నం తిన్నదే నాలుగో రోజు వాంతులు, జ్వరంతో పడిపోతుంది. ఈ గడువు దాటాక కూడా డిశ్చార్జ్ కాగితం, మందుల చీటీ, కుట్లు నాకకుండా మెడకు కోన్ ఉంటేనే చేర్చుకుంటాం. ముద్దుగా చూస్తోందని కోన్ తీసేయమంటే తీయం. కుట్లు విప్పేదాకా, అంటే పది నుంచి పద్నాలుగు రోజులు, స్నానం, గ్రూమింగ్ ఉండవు.

డబ్బు కట్టే ముందు క్లినిక్‌లో కొన్ని తేల్చుకోండి. మత్తు చూసుకునే మనిషి వేరుగా ఉన్నారా, లేక కోసే డాక్టరే అదీ చూస్తారా? ఇంటికి పంపేదాకా ఐవీ (నరంలో మందు, సెలైన్ ఎక్కించే గొట్టం) ఉంచుతారా? రక్తం కావాలంటే ఎక్కడినుంచి తెస్తారు? ‘24 గంటలు’ అని బోర్డు ఉంటే ముందే ఒక రాత్రి రెండింటికి ఫోన్ చేసి చూడండి. ఎత్తేది ఎవరో అప్పుడు తెలుస్తుంది.

జరగకూడనిది జరిగితే, కారణం తెలియాలనుకుంటే, పూడ్చకముందే పోస్ట్‌మార్టం చేయించాలి. శరీరాన్ని ఐస్ ప్యాక్‌ల మధ్య చల్లగా ఉంచండి. ఫ్రీజర్‌లో గడ్డకడితే లోపలి కణజాలం పాడై, రిపోర్టు పనికిరాకుండా పోతుంది. 24 గంటల్లోపు, ఆపరేషన్ చేసినవాళ్లు కాకుండా వేరేవాళ్లు చూడాలి. హెబ్బాళ వెటర్నరీ కాలేజీకి ఫోన్ చేసి వాళ్ల పద్ధతి కనుక్కోండి. కన్సెంట్ ఫారం, మత్తు మందుల డోసుల రికార్డు, ల్యాబ్ రిపోర్టులు, బిల్లుల కాపీలు రాతపూర్వకంగా అడగండి. సంతకం పెట్టారు కదా అని నిర్లక్ష్యం మాఫీ అయిపోదు. అలాగని ప్రాణం పోయిన ప్రతిసారీ అది నిర్లక్ష్యమే అనీ కాదు, ఇంకో డాక్టర్ అభిప్రాయం రాతలో లేకపోతే కేసు నిలబడటం కష్టం.

డాక్టర్ ప్రవర్తన మీద ఫిర్యాదు కర్ణాటక వెటర్నరీ కౌన్సిల్‌కి. పరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్లలోపు వేయాలి, కట్టిన మొత్తం 5 లక్షలలోపు అయితే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు.

మా దగ్గర కొన్న ఫుడ్ ప్యాకెట్ తెరవకపోతే తిరిగి తీసుకుని డబ్బు ఇచ్చేస్తాం. ఈ మూడు రాత్రుల రూల్ వల్ల బుకింగ్ రద్దయినవాళ్ల అడ్వాన్స్ కూడా పూర్తిగా వెనక్కి. మిగిలిన నొప్పి మందులు మాత్రం ఇంకో కుక్కకు పనికొస్తాయని షాపులో ఇవ్వకండి.