సముద్రానికి సున్నం ఎవరు చల్లుతారు?

సంపాదకుడు గారికి,

తాళ్లరేవు దగ్గర రొయ్యల చెరువులు చేస్తుంటాను. తెల్లారగట్ల పీహెచ్ చూడందే కాఫీ గొంతు దిగదు. అది తగ్గితే నీటిలో ఆమ్లగుణం పెరిగినట్టు, అప్పుడు సున్నం చల్లుతాం. సముద్రంలో ఎవరు చల్లుతారు?

మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతును సముద్రం పీల్చుకుంటోంది, అది నీటిలో కలిసి ఆమ్లమవుతోంది. ఒకప్పుడు 8.2 ఉన్న పైనీటి పీహెచ్ ఇప్పుడు 8.1కి దిగింది. తేడా 0.1 అని తీసిపారేయకండి, ఆమ్లగుణం పాతిక శాతం పెరిగినట్టే. ఆల్చిప్పల్లాంటివి గుల్ల కట్టుకోవడానికి కావాల్సిన కార్బొనేట్ అంతకంతకూ తగ్గుతోంది.

పీతలు, రొయ్యలు కొంత నయం, మొప్పలతో ఒంట్లో ఆమ్లాన్ని సర్దుకుంటాయి. ఆల్చిప్పలకు ఆ సత్తా తక్కువ. బలమంతా గుల్లకే పోతే ఎదుగుదల ఎక్కడిది? పిల్లకు తొలి రెండు రోజుల్లోనే గుల్ల రావాలి, అసలు దెబ్బ అక్కడే. 2007–09 ప్రాంతంలో అమెరికా పశ్చిమ తీరపు ఆల్చిప్పల హేచరీల్లో పిల్ల కుప్పలుగా చస్తే నీటికి సోడా యాష్ (సోడియం కార్బొనేట్) కలిపి గట్టెక్కారు. మన సున్నం లెక్కే!

ఓ వింత: ఆమ్లనీటిలో ఉంచిన సిడ్నీ రాక్ ఆయిస్టర్లకు (ఆస్ట్రేలియా ఆల్చిప్పలకు) పుట్టిన పిల్లలు అదే నీటిలో మిగతా పిల్లలకంటే బాగా ఎదిగాయి. తల్లులే ఏదో నేర్పి పంపినట్టుంది.

కోరంగి మడ కాలువల్లో పోటుపాట్లకు పీహెచ్ ఎలాగూ మారుతుంటుంది కాబట్టి, మన గుల్లలకు కొంత అలవాటు ఉండొచ్చు. కానీ ఎంతవరకు? కాకినాడ తీరంలో గుల్లలు ఏరుకుని బతికేవాళ్లున్నారు. గోదావరి పాయల మొగల దగ్గర పీహెచ్ రోజూ కొలిచి, రేవులో బోర్డు మీద రాయించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక ఆక్వా రైతు, తాళ్లరేవు