సంగీత శిక్షణకు వయోపరిమితి ఎందుకు?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

వేసవి శిక్షణ శిబిరాల సమాచారం మీ జిల్లా పేజీలో వచ్చినప్పుడల్లా సంగీతం ఎక్కడ నేర్పుతున్నారోనని మొదట చూస్తాను. చూసిన ప్రతిసారీ 6 నుంచి 14 ఏళ్ల లోపు వారికే ప్రవేశమన్న మాట కనబడుతుంది. ఈతకూ కరాటేకూ ఆ హద్దు అవసరమేమో గానీ సంగీతానికి అక్కరలేదని, నల్లగొండలో ఒక పియానో టీచరు దగ్గర రెండేళ్లుగా నేర్చుకుంటున్న అనుభవంతో చెబుతున్నాను. నా వయసు 64. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశాను. మనుమరాలిని క్లాసుకు తీసుకువెళ్లి గుమ్మం దగ్గర కూర్చునేవాణ్ని; ఒకరోజు ఆ టీచరే ‘లోపలికి రండి సార్’ అని పిలిచి కుర్చీ వేశారు. పేరు రాయవద్దని ఆమె కోరినందున ఇక్కడ రాయడం లేదు.

ఆమె తండ్రి చర్చిలో హార్మోనియం వాయించేవారట. అక్కడే ఉన్న, కాళ్లతో తొక్కే పాత ఆర్గాన్ మీద ఆమె తొలి పాఠాలు సాగాయి. ఇంటర్ తరువాత సికింద్రాబాద్‌లో హాస్టల్లో ఉండి పియానో నేర్చుకుని, ట్రినిటీ కాలేజ్ లండన్ వారి సంగీత పరీక్షలు ఎనిమిదో గ్రేడు దాకా పూర్తి చేశారు. చాలా ఏళ్లు బడిలో సంగీతం చెప్పారు. ఆ బడిలో సగం మంది పిల్లలు కర్ణాటక సంగీతం నేర్చుకుంటూ వచ్చేవారు కనుక, వాళ్ల చెవికి అందేలా చెప్పాలంటే తానూ నేర్చుకోక తప్పదని, ఆ సంగీతంలో తొలి పాఠాలైన సరళీ స్వరాల నుంచి గాత్రం మొదలుపెట్టారు. తండ్రి ఆరోగ్యం క్షీణించాక తిరిగి నల్లగొండ చేరారు.

ఈ రెండు చదువులూ ఆమె బోధనలో కలిసిపోయాయి. పియానో మీద సి అనే స్వరం నుంచి తెల్లమెట్లు, అంటే వేలితో నొక్కే తెల్ల మీటలు, వరుసగా వాయిస్తే శంకరాభరణ రాగం వస్తుంది. సరళీ స్వరాలు నేర్పే మాయామాళవగౌళ రాగానికి రిషభం (రి), ధైవతం (ద) నల్లమెట్ల మీద పడతాయి. సరళీ స్వరాలు వచ్చిన పిల్ల ఈ రెండు మాటలతోనే సగం బెరుకు వదిలేస్తుంది. గమకం మాత్రం పియానోలో పలకదని, స్వరాన్ని ఊపడానికి అక్కడ తీగ మన చేతికి అందదని ఆమె మొదటి రోజే చెప్పేస్తారు. పెద్దవాళ్లకు ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలతో మొదలుపెడతారు. ఆంగ్లేయుల బ్యాండు బాణీలకు దీక్షితులవారు సంస్కృత సాహిత్యం కట్టిన కృతులవి. గమకాల పని లేకుండా సూటిగా సాగుతాయి గనుక పియానో మీద చక్కగా ఒదుగుతాయి. ఈ ఎంపిక వెనుక ఉన్న ఆలోచన నాకు ఎంతో నచ్చింది.

చిన్నపిల్లలకు మొదటి నెల స్వరలిపి జోలికే వెళ్లరు. పియానో మూత తెరిచి, మెట్టు నొక్కగానే చిన్న సుత్తి లేచి తీగను కొట్టి వెనక్కి పడడం చూపిస్తారు. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో క్రిస్టోఫోరి అనే వాద్యాల పనివాడు ఈ సుత్తి ఏర్పాటు కనిపెట్టినందువల్లనే, వేలి బలాన్ని బట్టి మెల్లగానూ గట్టిగానూ పలికించడం వీలైందని నాకు అక్కడే తెలిసింది. మొత్తం 88 మెట్లలో నల్లవి రెండేసి, మూడేసి గుంపులుగా ఉంటాయి. రెండింటి గుంపుకు ఎడమ పక్కనున్న తెల్లమెట్టు సి. కుడివైపు చిట్టచివరి మెట్టుతో కలిపి సి మెట్లు ఎనిమిది ఉన్నాయని నా మనుమరాలు ఒక్కొక్కటే వెతికి లెక్కపెట్టింది. లయకు బతుకమ్మ చప్పట్లు. ‘వేళ్లను ఉరకనియ్యకు బిడ్డా, చెవి ముందు పోవాలె’ అని ఆమె అనడం ఎన్నిసార్లు విన్నానో!

నాకు మాత్రం బొటనవేలే పెద్ద గండమైంది. కుడిచేత్తో స్వరాలు ఎక్కేటప్పుడు మూడో వేలు కాగానే బొటనవేలు అరచేతి కిందుగా దాటి నాలుగో స్వరం అందుకోవాలి. నా చేయి అక్కడికి రాగానే మోచేతితో సహా పైకి లేచేది, స్వరం ఠక్కున గట్టిగా పలికేది. మూడు వారాల పాటు ఆమె నా చేత ఆ రెండు స్వరాలే వాయించారు, విసుగన్నది లేకుండా. చివరికి నా మణికట్టు కింద తన రెండు వేళ్లు ఆనించి, ‘సార్, వేలిని తోయకండి, చేతిని పక్కకు జరగనివ్వండి, వేలు అదే వస్తుంది’ అన్నారు. వచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పిన నేను, పిల్లవాడి తప్పు ఏ కీలు దగ్గర మొదలవుతోందో అంత ఓపికగా ఎప్పుడైనా చూశానా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను.

మర్రిగూడ వైపు నుంచి బస్సులో వచ్చే పెద్దాయన ఒకరున్నారు. చిన్నప్పటి నుంచి తాగిన ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఆయన మోచేతులు పూర్తిగా చాచుకోవు, వేళ్లు బిగుసుకుని ఉంటాయి. ఆమె ఆయన కుర్చీ మీద మందపాటి దుప్పటి మడిచి వేసి, మోచేయి మెట్లకు సమానంగా వచ్చేలా ఎత్తు సరిచేశారు. ఎడమచేతికి షడ్జమం (స), పంచమం (ప) మాత్రమే. కుడిచేతికి చేయి జరపనక్కరలేకుండా అయిదు వేళ్ల కింద ఇమిడే పాటలే. ఇది వైద్యమని ఆమె అనలేదు, ఆయనా అనుకోలేదు. భజన మండలిలో తాను పాడే పాట ఒకటి దసరా నాటికి మొదటి నుంచి చివరిదాకా వాయించి, ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయారు.

తల్లిదండ్రులకూ ఒక మనవి. ‘ఎన్ని నెలల్లో గ్రేడు వస్తుంది?’ అన్నదే చాలామంది అడిగే మొదటి ప్రశ్న. పరీక్షలో మూడు పాటలు వాయించాలి గనుక ఏడాదంతా ఆ మూడే కంఠస్థం చేయించిన చోటి నుంచి వచ్చిన అబ్బాయిని చూశాను. నాలుగో పాట కాగితం ముందు పెడితే ఒక్క వరుస చదవలేకపోయాడు. ఈ టీచరు పరీక్షలకు వ్యతిరేకి కారు, పంపుతారు కూడా; కాకపోతే కొత్త పాటను సొంతంగా చదివి నెమ్మదిగానైనా వాయించగలిగాకే పంపుతారు. ఖరీదైన పియానో కొనమని కూడా ఆమె ఎవరినీ ఒత్తిడి చేయరు. వేలి బలాన్ని గుర్తించే 61 మెట్ల కీబోర్డు మొదట్లో చాలంటారు.

సంపాదకులు ఈ లేఖను ప్రచురించి, శిబిరాలు నిర్వహించేవారు సంగీతం వరకైనా వయోపరిమితి తొలగించి సాయంత్రం ఒక గంట పెద్దలకు కేటాయించేలా రెండు మాటలు రాయాలని కోరుతున్నాను. మా కీబోర్డులు మేమే తెచ్చుకుంటాం. సరైన ఎత్తున్న కుర్చీలు, పెద్ద అక్షరాల్లో అచ్చువేసిన స్వరపత్రాలు ఏర్పాటు చేస్తే చాలు.

ఇట్లు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
నల్లగొండ.